ప్రతి జట్టులోంచీ ముగ్గురు

ఢిల్లీ కంటోన్మెంట్,
సెప్టెంబరు 14

నవ్య నాన్నగారికి,

మీరు కోప్పడతారేమోనని భయపడుతూనే మొదలుపెడుతున్నాను. క్షేమ సమాచారాలు చివర రాస్తాను, ముందు జరిగిన సంగతి చెప్పేస్తాను. నవ్యశ్రీ ఇంట్లో లేదు. గురుగ్రామ్‌లో శిఖర్ క్లబ్ వాళ్ళ హాస్టల్లో ఉంది. పంపించింది నేనే. మిమ్మల్ని అడగకుండా పంపించాను.

అడగాలంటే ఎలా అడగను? మీ పోస్టు నుంచి ఫోన్ వచ్చేది ఎప్పుడో ఒకసారి. వచ్చినా రెండు మాటలు, మీ వెనక వరసలో నిలబడ్డవాళ్ళ దగ్గులు కూడా నాకు వినిపిస్తుంటాయి. అంతమంది మధ్య బాగున్నావా అంటే బాగున్నాను అనడం తప్ప ఏం మాట్లాడతాను? ఉత్తరమంటారా, మంచులో దారి తెరిచినప్పుడు చేరుతుంది. వాళ్ళేమో వారంలోపు ఏ సంగతో చెప్పమన్నారు.

మన కంటోన్మెంట్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఆగస్టు చివర్లో శిఖర్ వాళ్ళతో ఆడింది. తొమ్మిది గోల్స్ తిన్నారు. పోయినేడు కప్పు దాకా వెళ్ళిన పిల్లలు! కొంత మన దురదృష్టం. గోల్ కాసే అనీమాకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది, దాని బదులు నిలబడ్డ పిల్ల బంతి మీదికి వస్తుంటే కళ్ళు మూసుకుంది. మిగతాది దురదృష్టం కాదు. గురుగ్రామ్‌లో టవర్లు కట్టే సేఠ్ ఒకాయన ఈ ఏడాదే ఆ క్లబ్‌ను కొన్నాడు. వాళ్ళ పిల్లలు ఏసీ బస్సులో దిగారు. వాళ్ళకి డాక్టరు వేరే, కాళ్ళు మర్దనా చేసే మనిషి వేరే, ఆట మొత్తం వీడియో తీసి చూపించే మనిషి వేరే. మన పిల్లలకి ఉన్నదల్లా రిటైరైన సుబేదారు పాపయ్య సారు, ఆయన మెడలో విజిల్. ఆట అయ్యాక ఆయన నా పక్కన కూలబడి, "మన పిల్లలు మంచిగనే ఆడిన్రమ్మా. అవతల ఆడింది పిల్లలు గాదు, పైసలు" అన్నారు.

మర్నాడు ఆ క్లబ్ మేనేజరు నాకు ఫోన్ చేశాడు. రవికిరణ్ అని, తెలుగబ్బాయే, విజయవాడ వైపు. నవ్యను వెంటబెట్టుకుని వెళ్ళి గేటు బయట టీ కొట్టు దగ్గర కలిశాను. "తొమ్మిది గోల్స్ పడ్డ మ్యాచ్‌లో కూడా మా డిఫెన్స్‌ని దాటింది మీ పాప ఒక్కతే అక్కా. సార్ వీడియో చూసి ఈ అమ్మాయి కావాలన్నారు. చదువు, తిండి, బూట్లు, హాస్టల్, అన్నీ మేమే చూసుకుంటాం. మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. నవ్య కళ్ళు ఎలా మెరిశాయో మీరు చూడలేదు కాబట్టి నన్ను తిట్టుకోవచ్చు.

నేనెలా ఆలోచించానో కూడా చెప్తాను. పెళ్ళైన దగ్గర్నుంచీ సైన్యం నీడలోనే బతుకుతున్నాను. ఇల్లు వాళ్ళే ఇచ్చారు, రేషన్ ఇచ్చారు, చలికి కంబళ్ళు ఇచ్చారు. మీరు మంచులోకి వెళ్ళాక కూడా, భర్తలు దూరంగా ఉన్న కుటుంబాల కోసం కట్టిన ఈ క్వార్టర్ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళెవరూ తెల్లారి లేచి నువ్వు అక్కర్లేదు పొమ్మనలేదు. పల్టన్ తన మనిషిని వదలదు. క్లబ్ కూడా అలాంటిదే అనుకున్నాను.

కానీ హాస్టల్ దగ్గర దింపి వస్తుంటే నవ్య నా చెయ్యి పట్టుకుంది. ఎండాకాలం పోలేదింకా, అయినా దాని అరచెయ్యి చల్లగా ఉంది. ఆ చల్లదనం బస్సు ఎక్కాక కూడా నన్ను వదల్లేదు. ఎందుకో తెలియని భయం. ఒంటరిగా ఉన్నందువల్లేనేమో అని సర్దిచెప్పుకుంటున్నాను.

ఇక్కడ నేను క్షేమం. కోపం వస్తే ఉత్తరంలోనే తిట్టండి, ఫోన్‌లో వద్దు.

మీ
ఉమ


ఢిల్లీ కంటోన్మెంట్,
అక్టోబరు 6

మొదటి ఉత్తరం చేరిందో లేదో తెలియని మీకు,

నిన్న ఆదివారం ధౌలా కువా దగ్గర బస్సెక్కి నవ్యను చూడటానికి వెళ్ళాను. వాళ్ళ గ్రౌండులోనే మ్యాచ్ ఉంది. నవ్య ఆడింది, రెండు గోల్స్ కొట్టింది. మొత్తం పదకొండు కొట్టారు. అవతలి పిల్లలు సగం ఆటకే నడవడం మొదలుపెట్టారు. మన పిల్ల గెలిచినందుకు సంతోషించాలో, ఓడినవాళ్ళలో మన జట్టును చూసుకుని ఏడవాలో తెలియలేదు.

నేను కూర్చున్న మెట్ల మీద, పై వరసలో, శిఖర్ క్లబ్ ట్రాక్‌సూట్లు వేసుకుని బోలెడంత మంది అమ్మాయిలు కూర్చున్నారు. ఒక్కరూ కేక వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. నా పక్కన ఉన్న పిల్లను పలకరించాను, సోనీపత్ వైపు నుంచి వచ్చిందట. అక్కడి జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది తనేనట. మరి ఆడవేం తల్లీ అంటే, నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు చూసింది. "మమ్మల్ని ఆడించడానికి తీసుకురాలేదు ఆంటీ. అవతల ఆడకుండా తీసుకొచ్చారు" అంది.

సేఠ్ పద్ధతి అదట. ముందు గెలిపించేవాళ్ళను కొంటాడు, తర్వాత తనను ఓడించగలిగేవాళ్ళను కొంటాడు. ప్రతి జట్టులోంచీ ముగ్గుర్ని. పేరు ఒకసారి ఈ క్లబ్‌లో నమోదైతే ఆ ఏడాది ఇంకెక్కడా ఆడటానికి లేదు. మెట్ల మీద కూర్చోవడమే. వాళ్ళలోనూ ఎవరైనా బరువనిపిస్తే సోమవారానికి మంచం ఖాళీ అవుతుందట. ఆ పిల్ల ఇదంతా అరటిపండు తింటూ మామూలుగా చెప్పింది. ఇది పల్టన్ కాదండీ. నేను పొరపడ్డాను.

ఆట అయ్యాక మెస్సులో నవ్య పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఇంకో దోసె కోసం పోట్లాడే పిల్ల, అక్కడ పక్కవాళ్ళ కంచాలు చూసి వాళ్ళు ఎంత తింటే అంతే తింటోంది. గోళ్ళు కొరికేసుకుని ఉన్నాయి. "ఏమైందే?" అంటే, "కుఛ్ నహీ మమ్మీ, సబ్ ఠీక్ హై" అని, ఏమీ లేదన్నట్టు నవ్వింది. ఎవరైనా చూస్తున్నారని తెలిసినప్పుడు నవ్వే నవ్వు అది. ఇంటికి వచ్చేద్దామా అని చెవిలో అడిగాను. తల అడ్డంగా ఊపింది. వచ్చేస్తే ఏడాదంతా ఆట ఉండదు, అది దానికి తెలుసు.

వచ్చేముందు రవికిరణ్ తన గదికి పిలిచి టీ తెప్పించాడు. "మీ కంటోన్మెంట్ నుంచి ఒక్క నవ్యే వచ్చిందక్కా. ఇంకో ఇద్దరు కావాలి. ఆర్మీ క్వార్టర్స్‌లోకి మమ్మల్ని రానివ్వరు కదా. మీరు వెళ్ళి వాళ్ళ అమ్మలతో మాట్లాడండి. హవల్దారు గారి భార్య చెప్తే నమ్ముతారు" అన్నాడు. నేను మాట్లాడకపోతే? అని అడిగాను. కప్పులోకి చూస్తూ, "నవ్య ప్లేస్ నా చేతిలో లేదక్కా" అన్నాడు. గట్టిగా బెదిరించినా ఇంత భయపడేదాన్ని కాదు. పేర్లు కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు.

ఏం పేర్లు చెప్తాడో నాకు తెలుసు. మొదటి పేరు అనీమాదే అయ్యుంటుంది. మన పై వాటాలో ఉండే జసింతా కూతురు. పోయిన చలికాలం మీకు దెబ్బ తగిలిందని కబురు వచ్చినప్పుడు, వివరం తెలిసేదాకా నన్ను పట్టుకుని కూర్చున్నది ఆ జసింతాయే. ఆమె కూతుర్ని తీసుకెళ్ళి ఆ మెట్ల మీద కూర్చోబెట్టమంటున్నారు. అనీమా పోతే పాపయ్య సారు జట్టు మిగలదు. తీసుకెళ్ళకపోతే నవ్య మంచం ఖాళీ అవుతుంది. ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడుతున్నాను. ఏం చెయ్యమంటారు? మీ జవాబు వచ్చేలోపు అంతా అయిపోతుందని తెలిసి కూడా అడుగుతున్నాను.

మీ
ఉమ


ఢిల్లీ కంటోన్మెంట్,
అక్టోబరు 27

ఏమండీ,

రవికిరణ్ పేర్లు చెప్పాడు. ఒకటి రీతూ, రెండోది మనీషా. ముందు నవ్వు రాబోయింది. తర్వాత ఒళ్ళు చల్లబడింది.

రీతూ ఎవరో గుర్తుందా? హర్యానా వాళ్ళమ్మాయి, బొద్దుగా ఉంటుంది, జట్టులో చేరిన దగ్గర్నుంచీ పాపయ్య సారు నీళ్ళ సీసాల దగ్గరే కూర్చోబెట్టారు. మనీషాకు పరుగెత్తితే ఆయాసం. ఊరూరా వెతికి మంచి ఆటగత్తెల్ని కొనే సేఠ్‌కి మన జట్టులో కనిపించింది ఈ ఇద్దరా? ఆ తొమ్మిది గోల్స్ మ్యాచ్‌లో ఈ ఇద్దరూ ఆడలేదు. అనీమా కూడా ఆడలేదు. అంటే వాళ్ళు ఈ ముగ్గురి ఆటా చూడలేదు, ఎవర్నో అడిగి తెలుసుకున్నారు. అడగడానికి అక్కడ మనవాళ్ళు ఇంకెవరున్నారు?

పరుగున వెళ్ళాను. నవ్య నన్ను గ్రౌండు చివరికి తీసుకెళ్ళింది. రవికిరణ్ దగ్గర్లో లేడని చూసుకుని తెలుగులో మాట్లాడింది. ఇంట్లో ఎంత బతిమాలినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల. "వాళ్ళు నన్ను అడిగారమ్మా, మీ టీమ్‌లో బెస్ట్ ఎవరని. అనీమా పేరు చెప్తే టీమ్ ఖతమ్. చెప్పకపోతే నన్ను పంపేస్తారు. అందుకే వేరే పేర్లు చెప్పాను" అంది. తెలిస్తే ఏం చేస్తారే అన్నాను. "పతా నహీ", తెలియదు అని గోరు కొరుక్కుంది. పదిహేనేళ్ళు దానికి. నాకు దాన్ని కొట్టాలనిపించింది, ఒళ్ళో పెట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు, ఎవరైనా చూస్తారని.

ఇప్పుడు నా పని ఇంకా చిక్కులో పడింది. ఆ ఇద్దర్నీ పంపకపోతే నవ్య అబద్ధం బయటపడుతుంది. పంపితే, ఏ పాపం ఎరగని పిల్లల్ని తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టినట్టు. అబద్ధం చెప్పి తీసుకెళ్ళడం మాత్రం నావల్ల కాలేదు. రీతూ వాళ్ళమ్మ కమలేశ్ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను, నవ్య చేసిన పనితో సహా. నీ కూతుర్ని అక్కడ ఆడించరు, ఊరికే కూర్చోబెడతారు అన్నాను. కమలేశ్ రొట్టె కాలుస్తూ విన్నది. "ఇక్కడా కూర్చునే ఉంది కదా బెహన్. అక్కడైతే పాలు తాగి కూర్చుంటుంది" అంది. ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్ళకో నవ్వాను. మనీషా వాళ్ళమ్మ కూడా, అక్కడ డాక్టరున్నాడు కదా, ఆయాసానికి మందైనా ఇస్తాడంది. పాపయ్య సారుకి కూడా చెప్పాను. "మీ పోరి నా జట్టును కాపాడింది. దాన్ని ఎవరు కాపాడాలె?" అన్నారు.

పిల్లలిద్దరూ వెళ్ళారు, పేర్లు నమోదయ్యాయి. మొదటి ప్రాక్టీసు రోజే రవికిరణ్ నుంచి ఫోన్. గేటు దగ్గర ఉన్నాను, రమ్మన్నాడు. నా ప్రాణాలు గేటు దాకా నాకంటే ముందే వెళ్ళాయి. చూద్దును కదా, ఆ అబ్బాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నవ్య ఎవరి పేర్లు ఇచ్చిందో అర్థమైందక్కా" అన్నాడు. చేతులు జోడించబోయాను, అతనే జోడించాడు. బెస్ట్ ప్లేయర్లని సేఠ్‌కి తనే చెప్పి సంతకం పెట్టించాడట. ఇప్పుడు కాదంటే ముందు తన ఉద్యోగం పోతుంది. భార్యకు నెలలు నిండుతున్నాయి. "మీరూ ఎవరితో అనకండి. సార్ గ్రౌండుకి ఎప్పుడూ రారు. ఇలాగే గడిచిపోతుంది" అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను ఎవర్ని చూసి వణికానో, అతనూ నాలాగే వణుకుతున్నాడు. కాస్త ధైర్యం రావాలి కదా? రాలేదు. ఇంతమందిని వణికిస్తున్న ఆ మనిషిని నేనింకా చూడను కూడా లేదు. మన జట్టుతో శిఖర్ వాళ్ళ రెండో మ్యాచ్ వచ్చే నెల, మన గ్రౌండులో. అనీమా లేచి తిరుగుతోంది, రోజూ గోల్ ముందు నిలబడుతోంది. బంతి దాని చేతుల్లో పడ్డ చప్పుడు మన వంటింట్లోకి వినిపిస్తుంది. వినిపించినప్పుడల్లా బాగుంది అనుకుంటాను, వెంటనే భయమేస్తుంది.

మీ
ఉమ


ఢిల్లీ కంటోన్మెంట్,
నవంబరు 24

నవ్య నాన్నా,

మీ జవాబు ఈ ఉదయం అందింది. నా మొదటి ఉత్తరానికి. కోప్పడలేదు మీరు. "నువ్వు ఆలోచించే చేసి ఉంటావు. పిల్లకు మంచి చోటు దొరికింది, ఇంక భయపడకు" అని రాశారు. చదువుతుంటే నవ్య ఎదురుగా నేల మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటోంది. అవునండీ, ఇంటికి వచ్చేసింది. మీకు వినిపించకుండా లోపలికి వెళ్ళి ఏడ్చాను, చూడండి ఎలా రాశానో, ఇక్కడి ఏడుపు మీకు వినిపిస్తుందన్నట్టు.

మ్యాచ్ జరిగింది. పొగమంచుకి ఒకసారి వాయిదా పడి, గాలి కాస్త తేటపడ్డాక ఆడారు. శిఖర్ వాళ్ళు వచ్చిన వరసే వేరు, ఎన్ని వేస్తారా అని లెక్కపెట్టుకుంటూ వచ్చినట్టున్నారు. అనీమా ఒక్కటీ పోనివ్వలేదు. పైకి ఎగిరి, కింద దొర్లి, ముఖానికి తగిలితే రక్తం తుడుచుకుని మళ్ళీ లేచింది. నవ్య రెండుసార్లు దాని ఎదుటికి వెళ్ళి బంతి కొట్టింది, నిజంగానే కొట్టింది, మొహమాటపడి కాదు. రెండూ ఆపింది. నేను ఎవరి వైపు కేక వెయ్యాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎవరికీ గోల్ లేకుండా ముగిసింది. ఈ ఏడాది శిఖర్ గెలవని మ్యాచ్ ఇదొక్కటే. మన పిల్లలు పాపయ్య సారుని ఎత్తుకున్నారు.

ఎప్పుడూ రాని సేఠ్ ఆ రోజే వచ్చాడు. గేటు దగ్గర కారు ఆపి పాస్ అడిగారట, పాపయ్య సారే సంతకం పెట్టి లోపలికి రప్పించారు. నేనేదో రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. సన్నగా ఉన్నాడు, గొంతు పెంచి మాట్లాడడు, తెల్ల బూట్లకి మట్టి అంటుతుందని గడ్డి చూసి అడుగు వేస్తున్నాడు. అనీమాను చూపించి రవికిరణ్‌ని హిందీలో అడిగాడు, ఈ పిల్ల మన దగ్గర ఎందుకు లేదని. ఇక్కడి బెస్ట్ అని నాతో సంతకం పెట్టించినవాళ్ళు ఏరీ అని. రవికిరణ్ తిరిగి రీతూ వైపు చూశాడు. ఆ పిల్ల ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. అప్పుడు మన నవ్య ముందుకు వచ్చింది. నేను పట్టుకునేలోపే వచ్చేసింది. "సర్, నామ్ మైనే దియే థే. జాన్‌బూఝ్‌కర్ గలత్ దియే" అంది. కావాలనే తప్పు పేర్లిచ్చానని చెప్పేసింది.

ఆయన కోప్పడతాడని, తిడతాడని ఎదురుచూశాను. నవ్యను తేరిపార చూశాడంతే. "ఇసే ఘర్ భేజో" అన్నాడు, దీన్ని ఇంటికి పంపించు అని. అదే గొంతుతో, ఊపిరి కూడా మార్చకుండా, "ఉసే లే లో" అన్నాడు, దాన్ని తీసుకో అని. నమోదు గడువు దాటింది, ఇప్పుడు తీసుకుంటే ఈ ఏడాది ఆడించడానికి కుదరదు సార్ అని రవికిరణ్ గొణిగాడు. ఆడక్కర్లేదు, అక్కడ ఆడకపోతే చాలు అనేసి వెళ్ళి కారెక్కాడు. రాక్షసుడైతే ఇంత భయపడేదాన్ని కాదు.

జసింతా రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే మనింటికి వచ్చింది. మెట్ల మీద కూర్చోబెడతారు, ఆడనివ్వరు, అన్నీ చెప్పాను. అన్నీ విన్నది. అనీమా చదువు కాలేజీ దాకా వాళ్ళదేనని కాగితం రాసిస్తామన్నారట. కింద ఇంకా ముగ్గురు పిల్లలున్నారు జసింతాకి. "నువ్వు నవ్యను పంపినప్పుడు నీకు ఎవరు చెప్పినా వినేదానివా దీదీ?" అంది. వినేదాన్ని కాదు. ఆమెను నేను తప్పు పట్టలేదు. అనీమా వెళ్ళిపోయింది. నవ్య ఏం కాపాడాలని అంత అబద్ధం ఆడిందో, ఆ ఒక్కటీ దాని కళ్ళ ముందే కారెక్కి వెళ్ళిపోయింది. నవ్య పేరు ఇంకా శిఖర్‌లోనే ఉంది కాబట్టి ఇక్కడ మ్యాచ్‌లు ఆడటానికి లేదు. పాపయ్య సారు ప్రాక్టీసుకి మాత్రం రమ్మన్నారు. మిగిలిన పిల్లలు నిన్న ఇంకో జట్టు మీద అయిదు గోల్స్ తిన్నారు.

నవ్య ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. అదే నాకు భయంగా ఉంది. ఇందాక నేను చారు పెడుతుంటే అనీమా హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. నవ్య వరండాలో నిలబడి మాట్లాడింది. హిందీలోనే, నేను వింటున్నానని తెలియదు. కిటికీ పక్క మంచమేనా, అది నాదే, ఏసీ గాలి మొహానికి కొడుతుంది, తల ఇటు పెట్టుకో అని చెప్పింది. మెస్సులో ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పింది. తర్వాత చాలాసేపు అటువైపు పిల్ల ఏడుపు వింటూ నిలబడింది. చివరికి ఇలా అంది: "నిన్ను కూడా అడుగుతారు అనీమా, మీ టీమ్‌లో ఇంకెవరున్నారని. ఎవరి పేరు చెప్పాలనిపిస్తే వాళ్ళ పేరు చెప్పెయ్. నేను చేసినట్టు చెయ్యకు. మేమెవ్వరం ఏమీ అనుకోం."

పొయ్యి కట్టేసి అక్కడే నిలబడిపోయాను. నా కూతురికి ఆ మాట ఎవరు నేర్పారండీ? మనం కాదు కదా. పదిహేనేళ్ళ పిల్ల ఇంకో పదిహేనేళ్ళ పిల్లకి భయపడటం ఎలాగో నేర్పుతోంది, ఎంత ప్రేమగా నేర్పుతోందో!

పెళ్ళయ్యాక మిమ్మల్ని ఎన్నడూ సెలవు పెట్టి రమ్మని అడగలేదు. నవ్య పుట్టినప్పుడు అడగలేదు, మా అమ్మ పోయినప్పుడు అడగలేదు. సైనికుడి భార్య అడగకూడదని నా పట్టుదల. ఇప్పుడు అడుగుతున్నాను. మీరు వచ్చి చేసేదేమీ లేదని తెలుసు, అయినా రండి. దాన్ని గ్రౌండుకి తీసుకెళ్ళి బంతి ఇచ్చి, మీరు గోల్ ముందు నిలబడండి. మీకు ఆపడం రాదు, అది గోల్స్ కొడుతూనే ఉంటుంది. దాని నవ్వు ఎలా ఉండేదో నాకు ఒకసారి చూడాలని ఉంది.

ఎదురుచూస్తూ,
మీ
ఉమ